అక్క ఫైలు ఒక్కటే చదవలేదు

మా అక్క పోయింది. తోడబుట్టిన అక్క కాదు, ఆఫీసులో అక్క. ఆ రోజు పొద్దున సాల్ట్ లేక్‌లో ఆఫీసు ముందు ఆటో దిగి చిల్లర కోసం సంచిలో వెతుక్కుంటుంటే ఫోను మోగింది. లిలువా నుంచి బావగారు, అంటే అక్క భర్త. ఆయన ఎప్పుడూ నాకు నేరుగా ఫోను చెయ్యరు. పేరు చూడగానే చిల్లర సంగతి వదిలేశాను. "మీ అక్క ప్రభువు దగ్గరికి ఎళ్ళిపోనాదమ్మా. ఆఫీసులో అందరికీ నువ్వే సెప్పీ," అన్నారు. ఆటో అతను "దిదీ, చిల్లర" అని గొడవ చేస్తున్నాడు. చేతికొచ్చిన నోటు అతనికిచ్చి నడిచి వెళ్ళిపోయాను.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసి ఉండదు. కానీ ఆవిడ పని మీకు తెలుసు. ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకి బిగించిన చిన్న పెట్టె చూసే ఉంటారు. సెలైనో మందో ఎంత వేగంతో నరంలోకి వెళ్ళాలో చూసుకునే పంపు అది. దాని లోపల ఒక ప్రోగ్రాము ఉంటుంది. అలాంటి పంపులకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ మాది. మేము రాసిన కోడ్‌ను నమ్మవచ్చా, నమ్మితే ఎంత నమ్మవచ్చు, ఆ మాట ఏ ఆధారంతో అంటున్నాం అని తేల్చడం అక్క ఉద్యోగం. చీటికీ మాటికీ అడ్డం పడే ఉద్యోగం కాబట్టి ఆవిడను అందరూ తిట్టుకునేవాళ్ళు. అందరూ ప్రేమించేవాళ్ళు కూడా. మిగతావాళ్ళకు ఆవిడ దిదీ. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకు మాత్రం అక్క.

నేను కరీంనగర్ నుంచి ఇక్కడికి, బెంగాల్‌కి వచ్చిన కొత్తలో, ఆఫీసులో నా భాష వినపడదని దిగులుగా ఉండేది. మొదటి వారంలోనే ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో "ఏటే పిల్లా, తెలుగుదానివా?" అన్నారు. తిరిగి చూస్తే చెవి మీద పెన్సిలు పెట్టుకున్న పెద్దావిడ. చేతిలో టీ తాగేసిన మట్టి కప్పు. నేను కంగారులో "ఏందండీ?" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకు ఆ గదిలో బెంగాలీలంతా తలలెత్తి చూశారు. "నాను ఏటి అంటే నువ్వు ఏంది అంటావా? సరిపోనాది. మనిద్దరం మాట్లాడుకుంటే ఈళ్ళు ఇవి రెండు భాషలనుకుంటారు," అంది. ఆ రోజు మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర నా పళ్ళెంలో వేసింది. తర్వాత ఎప్పుడైనా నేను మీరు అంటే "అక్కంటూ మీరేటి?" అని కసిరేది. అలా నువ్వులోకి దిగాను.

కూర పెట్టిన చెయ్యే వారం తిరక్కుండా నా పరువు తీసింది. మా ఆఫీసులో అక్క పెట్టిన ఆచారం ఒకటుంది. ఎవరైనా కొత్తగా కోడ్ రాస్తే, దాన్ని ఇంకొకరు అందరి ముందు పైకి చదవాలి. వార్తలు చదివినట్టు కాదు. ఒక్కో వరుసా చదివి, ఇది ఏం చేస్తుందో మామూలు మాటల్లో చెప్పాలి. బెంగాలీయో, హిందీయో, ఏ భాషైనా సరే. రాసిన మనిషి అక్కడే కూర్చోవాలి, కానీ నోరు విప్పకూడదు. ఇది నా ఉద్దేశం కాదు, అక్కడ అర్థం అది కాదు అని ఎగబడితే అక్క తన పెదాల మీద వేలు పెట్టుకునేది. చదవడం అయ్యాక కంప్యూటరు తెర ఆపేసి, చదివిన మనిషిని "ఇప్పుడు సెప్పు, ఏటి సదివేవు?" అని అడిగేది. చూడకుండా చెప్పగలిగితేనే చదివినట్టు లెక్క.

నా కోడ్ చదివింది మా టీములో కోడ్‌కు పరీక్షలు పెట్టే బెంగాలీ దాదా, అంటే అన్న. పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతాడు, అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది. సగం చదివేసరికి ఆయన ఆగిపోయాడు. గంట మోగించాల్సిన చోట నేను షరతు తలకిందులుగా రాశాను. మందు అయిపోయినప్పుడు గంట మోగదు, నిండుగా ఉన్నప్పుడు మోగుతుంది. అది చిన్న పొరపాటేనని చెప్పడానికి నోరు తెరిచానో లేదో, అక్క వేలు పెదాల మీదికి వెళ్ళింది. బయటికి వచ్చాక అక్క మీద విరుచుకు పడ్డాను. "నేను రాసింది గిట్ల అందరి ముందర చదువుడేంది అక్కా? చెవుల చెప్తే దిద్దుకోనా?" అన్నాను. అక్క ఏమాత్రం చలించలేదు. "ఆస్పత్రిలో అర్ధరాత్రి నర్సమ్మ పక్కన నువ్వు నిలబడి సెప్తావేటి, ఇదిగో నా ఉద్దేశం ఇది అని? అక్కడ నువ్వుండవు. నువ్వు లేనప్పుడు అది ఏటి మాట్లాడతాదో ఇప్పుడే ఇనాల," అంది.

ఆ ఆచారానికి తోక ఒకటుంది. తప్పు దొరికితే, రాసినవాళ్ళు పట్టుకున్నవాళ్ళకు సింగారాలు కొనిపెట్టాలి. సింగారా అంటే ఇక్కడి సమోసా. లోపల బంగాళాదుంపతో పాటు చలికాలంలో గోబీపువ్వు కూడా వేస్తారు. కొన్నవాళ్ళు మాత్రం తినకూడదు. మిగతావాళ్ళు తింటుంటే చూస్తూ కూర్చోవాలి. ఎంత ఉడుక్కున్నా ఆ కాసేపట్లో కోపం ఎటో పోయేది. వేడి సింగారా నోట్లో పెట్టుకుని ఊదుకుంటున్న మనిషి మీద పగ పెట్టుకోవడం కష్టం. నేను ఆ ఏడాది చాలా సింగారాలు కొన్నాను.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. అక్క లిలువాలోనే పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన. పిల్లలందరూ వరసగా కూర్చుని బైబిల్లో తలా ఒక వచనం పైకి చదవాలి. అక్కడి తెలుగువాళ్ళ వీధిలో పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. వీళ్ళకు వచ్చిందంటే ఆ ప్రార్థనల వల్లే. ఎవరైనా గడగడా చదివేస్తే వాళ్ళ నాన్న పుస్తకం ముయ్యమనేవాడట. "ఏటి సదివేవో సెప్పు" అనేవాడట. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి నుంచి. "మా అయ్య కొట్టీవోడు కాడు గానీ, ఆకలేస్తంటే మళ్ళీ సదివించీవోడు. దానికన్నా దెబ్బే నయం," అని నవ్వేది. అన్నం కుండ దించాక కూడా ఒక పిల్లకు వచనం అర్థం కాలేదని ఇల్లంతా ఆగి కూర్చున్న సాయంత్రాలు ఉన్నాయట.

పైకి చదవడం ఒక్కటే అయితే అది ఆచారంగానే మిగిలిపోయేది. అక్క దాన్ని కొలతగా మార్చింది. ఒక చిన్న ప్రోగ్రాము రాసి దానికి భరోసా అని పేరు పెట్టింది. ఆ మాట మనకూ తెలుసు, హిందీవాళ్ళకూ తెలుసు, బెంగాలీవాళ్ళు కొంచెం గుండ్రంగా పలుకుతారు, అంతే. మా ప్రోగ్రాములో ప్రతి ఫైలుకూ భరోసా ఒక మార్కు వేసేది. రాసినవాళ్ళు కాక ఇంకెంతమంది చదివి చూడకుండా చెప్పగలిగారు? దానికి పెట్టిన పరీక్షలు నిజంగా పనిచేస్తున్నాయా? ఈ రెండోది తెలుసుకోవడానికి అక్క కావాలనే మంచి కోడ్‌లో ఒక వరుస చెడగొట్టేది. పరీక్షలు దాన్ని పట్టుకుని అరిస్తే సరి. అరవకపోతే ఆ పరీక్షలు రాసినవాళ్ళకు ఆ పూట అన్నం సయించదు. "దొంగని మనమే పంపించాల. కుక్క మొరుగుతాదో లేదో అప్పుడు తెలుస్తాది," అనేది. బయటి నుంచి తెచ్చి వాడుకున్న ముక్కలకు ఊరూ పేరూ రాయించేది. మేము చదివిన కోడ్, పంపులోకి వెళ్ళిన ప్రోగ్రాము ఒకటేనా అని ప్రతిసారీ మళ్ళీ తయారుచేయించి పోల్చి చూసేది.

మా మేనేజరు గారికి భరోసా మొదట్లో నచ్చింది. అంకె కనపడుతుంది కదా, పైవాళ్ళకు చూపించుకోవచ్చు. కానీ మార్కు తక్కువైన ఫైలు ఉంటే మొత్తం ప్రోగ్రాము బయటికి వెళ్ళకుండా తెర మీద ఎర్రగా వెలిగి ఆపేస్తుందని తెలిశాక ఆయన మొహం కూడా ఎర్రబడింది. ఆయనకూ అక్కకూ నెలకోసారైనా గొడవ. ఈ మధ్య కుర్రాళ్ళు యంత్రం చేత రాయించిన కోడ్ తెచ్చి అతికించడం మొదలుపెట్టినప్పుడు, దిదీ ఎలాగూ ఒప్పుకోదని ఆయన ముందే దిగులుపడ్డారు. అక్క హాయిగా ఒప్పుకుంది. "యంత్రం రాసిందైతే మరీ మంచిది. సదువుతుంటే మద్దిలో ఎగబడదు," అంది. సింగారాలు మాత్రం అతికించినవాళ్ళే కొనాలని చెప్పింది.

ఇక ఆవిడ సొంత ఫైలు సంగతి. దాని గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను. ఇప్పుడు దాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముందుకు పోవడం లేదు.

మా కొత్త పంపులో ఒక ముఖ్యమైన భాగం ఉంది. కరెంటు పోయి, బ్యాటరీ కూడా ఆగిపోయి, మళ్ళీ వచ్చినప్పుడు పంపు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి సరైన వేగంతో మొదలుపెట్టాలి. చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు అమ్మాలనుకున్న పంపు కాబట్టి ఇది బాగా పనిచెయ్యాలి. అది రాస్తున్న అతను మధ్యలో ఉద్యోగం మానేస్తే, ఇంకెవరికీ తీరిక లేక అక్కే కూర్చుని రాసింది. చక్కగా రాసింది. పరీక్షలు కూడా తనే రాసింది. రాసి, "సదవండర్రా" అంది.

ఎవరమూ చదవలేదు. బద్ధకం కాదు, నిజంగా చెబుతున్నాను. అక్క రాసింది అక్క ముందు కూర్చుని చదవడమంటే గుళ్ళో పూజారికి మంత్రం దిద్దినట్టుగా అనిపించేది. దిదీ రాసింది కదా అనేవాడు దాదా. అక్క రాసింది కదా అనేదాన్ని నేను. మేనేజరు గారు ఒక అడుగు ముందుకు వేసి, దిదీ పేరు మీదున్న ఫైలు కనపడితే ఆపకుండా వదిలెయ్యమని భరోసాలో వెసులుబాటు పెట్టించారు. అందరం అది గౌరవమే అనుకున్నాం. ఊళ్ళో అందరినీ వరసలో నిలబెట్టి డాక్టరుగారిని మాత్రం ముందుకు పంపినట్టు ఆ ఫైలును వదిలేశాం. అక్కకు తెలిసి మొదట కోప్పడింది. "ఇదేటి మర్యాదర్రా? మొత్తం మనూరులో నా ఇల్లొక్కటే తాళం లేకుండా వదిలీసేరు," అంది. తర్వాత వేళాకోళంగా అడగడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళ నుంచి మీ అందరి సింగారాలు తిన్నాను. ఒక్కసారైనా మీరు తింటంటే నాను సూస్తా కూకోవద్దా?" అనేది. మేము నవ్వేవాళ్ళం. ఆవిడా నవ్వేది.

గట్టిగా ఎందుకు అడగలేదు అని నాకు నేను చాలాసార్లు ప్రశ్న వేసుకున్నాను. మా మీద అన్నిటికీ పట్టుబట్టే మనిషి. ఇప్పుడు అనిపిస్తుంది, ఎదుటివాళ్ళను అనుమానించమని ఆజ్ఞ వెయ్యడం ఆవిడకు తేలిక. నన్ను అనుమానించండి అని అడగడం తేలిక కాదు. అది వినేవాళ్ళు తమంతట తాము చెయ్యాలి.

అంతలో జబ్బు బయటపడింది. కడుపులో గడ్డ. మందులెక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో కూడా అక్క అక్కడి పంపు కేసి చూసి ఏ కంపెనీదో నాకు ఫోటో తీసి పంపేది. "దీని కోడ్ ఎవలు సదివేరో," అని రాసేది. జుట్టు రాలిపోయి తలకు రుమాలు కట్టుకుని ఆఫీసుకు వచ్చేది. ఇక మా నోళ్ళు పూర్తిగా మూతపడ్డాయి. ఒంట్లో బాగోలేని మనిషి రాసిన దాంట్లో తప్పులు వెతకడమా? దొరికితే ఆవిడ మొహం ఎలా చూడాలి? పోనీలే, కోలుకున్నాక చూద్దాం అనుకున్నాం. అది దయ అని మా నమ్మకం. ఆ దయ ఆవిడను ఎంత దూరం పెట్టిందో మాకు తట్టలేదు.

చివరిసారి లిలువా వెళ్ళినప్పుడు అక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. బావగారు టీ పెట్టి తెచ్చారు. ఆయన వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన మనిషి, ఎక్కువ మాట్లాడరు. కిటికీ బయట రైళ్ళు పోతుంటే మాట ఆపి, అవి పోయాక మళ్ళీ మొదలుపెట్టడం ఆ ఇంట్లో అలవాటు. ఒక రైలు పోయాక అక్క అడిగింది.

"కొత్త పంపు ఎప్పుడు పంపిస్తన్నారే?"

"వచ్చే నెల అంటున్రు."

"నాది సదివేరా?"

"ఉండనియ్ అక్కా, నువ్వు ముందుగాల మంచిగ కా. అదేడికి పోతది?"

అక్క నా వైపు చూసింది. కోపం లేదు. "అందరిదీ సదివేరు. అందరితో గొడవలాడేరు, సింగారాలు తిన్నారు. నమ్మకం అని పేరెట్టి నన్నొక్కదాన్నే బయట కూకోబెట్టీసేరు," అంది. నేను మాట మార్చి కూర గురించి అడిగాను. ఆ వంకాయ కూరలో రొయ్యలు ముందు వేయించాలా, తర్వాత వెయ్యాలా అని. అక్క ఓపిక తెచ్చుకుని మొదటి నుంచి చివరి వరకూ చెప్పింది. ఆ రోజు ఆవిడ అక్కడే, నా పక్కనే ఉంది. ల్యాపుటాపు నా సంచిలో ఉంది. తీసి చదివి ఉండవచ్చు.

సమాధుల తోటకు ఆఫీసు వాళ్ళం చాలామందిమి వెళ్ళాం. తెలుగులో కీర్తనలు పాడుతుంటే దాదా నా పక్కన నిలబడి, అర్థం కాకపోయినా తల వంచుకుని విన్నాడు. మేనేజరు గారు బావగారి చేతులు పట్టుకుని చాలాసేపు వదలలేదు.

ఆ తర్వాత వారం ఆఫీసులో పద్ధతి ప్రకారం అక్క ఖాతా మూసేశారు. కంప్యూటర్ల లెక్కలో ఆవిడ పేరు లేకుండా పోయింది. పంపు ప్రోగ్రాము పంపాల్సిన రోజు భరోసా నడిపితే తెర ఎర్రగా వెలిగింది. మేనేజరు గారు ఏదో పాడయిందనుకున్నారు. ఏదీ పాడవలేదు. వెసులుబాటు పెట్టింది దిదీ పేరుకి. ఆ పేరే లేనప్పుడు వెసులుబాటు ఎవరికి? ఆ ఫైలును రాసినవాళ్ళు లేరు, చదివినవాళ్ళు లేరు అని అక్క రాసిన ప్రోగ్రాము అక్క ఫైలునే ఆపేసింది. ఫైలును నా పేరు మీదికి మార్చి, ఆ వెసులుబాటు నా పేరుకి పెట్టి పంపేద్దామా అని మేనేజరు గారు నెమ్మదిగా అడిగారు. దాదా ఆయనకు జవాబు చెప్పకుండా నా వైపు తిరిగి, "పొఢో," అన్నాడు. చదువు అని.

చదవడం మొదలుపెట్టాను. తెలుగులోనే చెప్పాలనిపించింది గానీ దాదా కోసం హిందీలో చెప్పాను. ఎంత శుభ్రంగా రాసింది! ప్రతి పేరూ దాని పని చెప్పేలా ఉంది. నర్సు వేగం మారుస్తుంది, కొత్త వేగం తెర మీద కనపడుతుంది, ఆ తర్వాత దాన్ని పంపు తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. అక్కడి దాకా చెప్పాను. దాదా చెయ్యెత్తాడు.

"మాఝ్‌ఖానే కారెంట్ గేలే?"

మధ్యలో కరెంటు పోతే? తెర మీద కనపడ్డాక, దాచుకోక ముందు. ఆ ఒక్క సందులో కరెంటు పోతే, వచ్చాక పంపు పాత వేగంతోనే మొదలవుతుంది. వేగం తగ్గించి వెళ్ళిపోయిన నర్సుకు అది మళ్ళీ పెరిగిందని తెలియదు. మేము మళ్ళీ చదివాం. మళ్ళీ అదే. పరీక్షల్లో ఆ సందు లేదు, ఎందుకంటే పరీక్షలు రాసిందీ ఆ చెయ్యే. అలాంటి చోట రాసినవాళ్ళు ఎగబడి ఏదో చెప్పబోవడం, వేలు పెదాల మీదికి పోవడం మాకు అలవాటు. ఆ రోజు ఎవరూ ఎగబడలేదు. రాసిన మనిషి మాట్లాడకూడదన్న నియమం అంత కచ్చితంగా మా ఆఫీసులో ఎన్నడూ జరగలేదు. నేను తెర ఆపేసి ఏడ్చాను.

దిద్దడం పెద్ద పని కాదు. ముందు దాచుకుని తర్వాత తెర మీద చూపించాలి, కరెంటు వచ్చాక నర్సు వేగం చూసి సరేనని మీట నొక్కే దాకా ఆగాలి. పంపు కొంచెం ఆలస్యంగా వెళ్ళింది. ఏ ఆసుపత్రికీ అంతకుముందు చేరలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నాకు తీరని బాధ అది కాదు. ఇద్దరు మనుషులు ఒక పూట కూర్చుంటే దొరికే తప్పు అది. అక్క ఉండగా దొరికి ఉంటే చప్పట్లు కొట్టేది. ఎవరు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారు అని వారం పాటు అందరికీ చెప్పుకునేది. మేము ఆవిడకు ఇవ్వగలిగిన సంతోషం అదొక్కటే, అదే ఇవ్వలేదు.

బావగారు ఇంట్లో అక్క జ్ఞాపకార్థం ఆదరణ కూటం, అంటే ప్రార్థన, పెడితే దాదా, నేను వెళ్ళాం. ప్రార్థన అయ్యింది, చుట్టాలు వెళ్ళిపోయారు. మేమిద్దరం చాప మీద కూర్చున్నాం. చెప్పాలా వద్దా అని దారి పొడుగునా వాదించుకుంటూనే వచ్చాం. అక్క గురించి మంచి మాట తప్ప మరేదీ చెప్పకూడని రోజు కదా అని దాదా అభిప్రాయం. ఒక రైలు పోయేదాకా ఆగి నేనే చెప్పాను.

"బావగారూ, అక్క రాసింది చదివినం."

ఆయన ముందుకు వంగారు. "బాగుందేటి?"

"చాలా బాగుంది. కానీ ఒక తప్పు దొరికింది."

ఆయన మొహంలో ఏదో కదిలింది. "ఎవలికైనా ఏటైనా అయిందేటమ్మా?"

"లేదు. ఇంకా ఎక్కడికీ పోలేదు. దిద్దేసినం."

"ఎవలు పట్టుకున్నారు?"

"దాదా పట్టుకున్నడు. నేను చదువుతుంటే."

ఆయన తల దించుకున్నారు. నేను చెప్పి తప్పు చేశాననుకున్నాను. దాదా నా మోచెయ్యి గిల్లాడు. బావగారు తలెత్తారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆస్పత్రిలో ఆఖరి దినాల్లో కూడా అడిగింది. ఆళ్ళు సదివేరా, కబురేటైనా వొచ్చిందా అని. నాకీ కంప్యూటర్ల సంగతి తెల్దు గదా, సదువుతారులే అనీవోణ్ణి," అన్నారు. అని లేచారు. మేకుకున్న గుడ్డ సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని, "కూకోండి, ఇప్పుడే వొచ్చీస్తాను," అని బయటికి వెళ్ళిపోయారు. ఎక్కడికో మాకు అర్థం కాలేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి సంచిలోంచి నూనె వాసన వస్తోంది. కాగితం పొట్లం విప్పి మా ఇద్దరి మధ్య పెట్టారు. అప్పుడే మూకుడులోంచి తీసిన సింగారాలు. పొట్లం మీద నూనె మరక పాకుతోంది. దాదా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నేను ఒకటి తీసి ఆయనకు ఇవ్వబోయాను.

"నాకొద్దమ్మా," అన్నారు బావగారు. "కొన్నోళ్ళు తినకూడదు గదేటి."

అక్క మంచం అంచు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మేము తింటుంటే చూస్తూ ఉండిపోయారు.